బొమ్మ మంచిగుంది, లోపల ఏముంది?

ఏడాదిన్నర పాటు రోజూ స్కెచ్ వేశాను. పండగ రోజు వేశాను, జ్వరంలో వేశాను, సూరారం కాలనీలో కరెంటు పోయిన రాత్రి ఫోన్ టార్చి పెట్టుకుని కూడా వేశాను. నాలుగు స్కెచ్‌బుక్కులు నిండాయి. ఆ నాలుగూ నిండాక ఒక మధ్యాహ్నం, జీడిమెట్లలో నేను పనిచేసే షాపులో, ఒక టర్నర్ నా బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "బొమ్మ మంచిగుంది తమ్మీ. లోపల ఏముంది?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు.

అది చిన్న బేరింగ్ హౌసింగ్. 6205 బేరింగ్ అందులో కూచోవాలి. అంటే లోపల 25, బయట 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. ఈ అంకెలు నాకు నోటికి వచ్చు. బొమ్మలో హౌసింగ్ బయటి గుండ్రం, కింద ఫ్లాంజ్, నాలుగు బోల్టు రంధ్రాలు, ఎడమ పక్క నుంచి పడే వెలుతురు, కుడి పక్క నీడ అన్నీ ఉన్నాయి. ఎలిప్సులు ఒక్కటి కూడా వంకర పోలేదు. కానీ బేరింగ్ కూచునే మెట్టు ఎంత లోతు, దాని వెనక భుజం ఎంత మందం, షాఫ్టు పోయే చిన్న బోరు ఎక్కడ మొదలవుతుంది అనే సంగతులు ఆ బొమ్మలో ఎక్కడా లేవు. లేత్ మీద కోసేది దాన్నే. అన్న జేబులోంచి చాక్‌పీస్ తీసి, లేత్ పక్కనున్న రేకు మీద రెండు అడ్డగీతలు, ఒక మెట్టు, నాలుగు వాలుగీతలు గీశాడు. "గిట్ల కోసి చూపియ్యాలె" అన్నాడు. ఆ గీతలు వంకరగానే ఉన్నాయి. నీడ లేదు, పర్‌స్పెక్టివ్ లేదు. పని మాత్రం మొత్తం ఉంది.

ఇంటికొచ్చి నాలుగు స్కెచ్‌బుక్కులూ ముందేసుకున్నాను. రోజూ గీస్తే వస్తుందని అందరూ అన్నారు. వచ్చింది కూడా. అయితే వచ్చిందేమిటి? నేను చదివిన పుస్తకాలను ఆ ప్రశ్న పట్టుకుని మళ్ళీ చదివాను. ఈ వ్యాసం ఆ రెండో చదువు గురించి.

ముందు ఒక అనుమానం తీర్చాలి. క్యాడ్ ఉండగా చేత్తో గీయడం ఎందుకు? నేను రోజంతా క్యాడ్ మీదే కూచుంటాను గనక ఈ మాట నన్ను చాలామంది అడిగారు. క్యాడ్‌కి కొలత కావాలి. కొలత ఇవ్వకపోతే గీత కూడా పడదు. ఇంకా ఏం కావాలో నాకే తెలియనప్పుడు, 52 అని టైపు చేయడమంటే తెలియని దాన్ని తెలిసినట్టు ఒప్పుకోవడమే. బిల్ బక్స్‌టన్ 2007లో యూజర్ ఎక్స్‌పీరియన్స్ మీద రాసిన పుస్తకంలో స్కెచ్ లక్షణాలు చెప్తాడు. త్వరగా వెయ్యగలగాలి, ఖర్చు ఉండకూడదు, పారేస్తే బాధ కలగకూడదు, ఒకటి కాకుండా బోలెడు ఉండాలి, అవసరమైన దానికన్నా ఎక్కువ ఖచ్చితంగా కనిపించకూడదు. ఆయన లెక్కలో స్కెచ్ అడుగుతుంది, ప్రోటోటైపు తేల్చి చెప్తుంది. అంతకు చాలా ముందే, 1983లో డొనాల్డ్ షోన్ ఆర్కిటెక్చర్ స్టూడియోలో ఒక విద్యార్థినీ ఆమె గురువూ గీతలు గీస్తూ మాట్లాడుకోవడాన్ని దగ్గరగా పరిశీలించాడు. గీసిన గీత తిరిగి మనతో మాట్లాడుతుందనీ, అది విని తర్వాతి గీత గీస్తామనీ ఆయన వాదన. నాకు ఇది చాలా నచ్చింది. తర్వాత నా పుస్తకాలు తిరగేస్తే, నా గీతలు నాతో ఒక్క మాటా మాట్లాడినట్టు లేదు. నేను గీశాను, బాగుంది అనుకున్నాను, పేజీ తిప్పాను.

ఇక నేర్పే పుస్తకాల సంగతి.

అన్నిటికన్నా పాతది కిమాన్ నికొలాయిడీస్ రాసిన 'ద నేచురల్ వే టు డ్రా'. ఆయన న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో పాఠాలు చెప్పాడు. 1938లో పోయాడు. పుస్తకం 1941లో వచ్చింది. ఇది చదివే పుస్తకం కాదు, టైంటేబుల్. రోజుకు మూడు గంటల చొప్పున ఏ రోజు ఏ అభ్యాసం, ఎన్ని నిమిషాలు అని గళ్ళు గీసి ఇచ్చేస్తాడు. మొదటి అభ్యాసం కాంటూర్. కాగితం వైపు చూడకూడదు. పెన్సిల్ మొన కాగితాన్ని కాకుండా ఎదురుగా ఉన్న మనిషి అంచునే తాకుతోందని నమ్మాలి. కన్ను ఎంత మెల్లగా కదిలితే చెయ్యీ అంత మెల్లగా కదలాలి. రెండోది జెస్చర్. నిమిషంలోపు మనిషి ఏం చేస్తున్నాడో పట్టుకోవాలి, ఎలా ఉన్నాడో వదిలెయ్యాలి. ఒకటి నత్తనడక, ఇంకోటి పరుగు. రెండిట్లోనూ బొమ్మ అందంగా రాదు. అందంగా రావడానికి అసలు వీలే ఇవ్వడు.

మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు చాదస్తంగా అనిపించింది. రెండు వారాలు చేసి మానేశాను. ఇన్‌స్టాలో పెట్టడానికి పనికొచ్చే బొమ్మ ఒక్కటీ రాలేదు మరి.

బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో రాసిన 'డ్రాయింగ్ ఆన్ ద రైట్ సైడ్ ఆఫ్ ద బ్రెయిన్' దీనికన్నా సులువుగా లోపలికి రానిస్తుంది. పికాసో గీసిన స్ట్రావిన్‌స్కీ బొమ్మను తలకిందులుగా పెట్టి చూసి గీయమంటుంది. తలకిందులైతే ముక్కు ముక్కుగా కనపడదు, ఒక వంపుగా కనపడుతుంది. కాబట్టి మనకు తెలిసిన ముక్కుని కాకుండా అక్కడున్న వంపుని గీస్తాం. కుడి మెదడు, ఎడమ మెదడు అనే సిద్ధాంతం ఇవాళ అంత సూటిగా నిలబడదు. అభ్యాసం మాత్రం నిలబడుతుంది. మా ఇంట్లో ఎప్పుడూ పెన్సిల్ పట్టని వాళ్ళ చేత చేయించి చూశాను. పని చేసింది.

డిజైన్ వాళ్ళ పుస్తకాలు వేరే దారి. నెదర్లాండ్స్ నుంచి కూస్ ఐసెన్, రోసెలియన్ స్టూర్ కలిసి 2007లో తెచ్చిన 'స్కెచింగ్', అమెరికాలో స్కాట్ రాబర్ట్‌సన్, థామస్ బెర్ట్‌లింగ్ 2013లో తెచ్చిన 'హౌ టు డ్రా' ఈ రెండూ డిజైన్ ఎంట్రెన్సులకి తయారయ్యే పిల్లల ఫోన్లలో పీడీఎఫ్‌లుగా తిరుగుతుంటాయి. వీటి దగ్గరికొచ్చేసరికి మనిషి అంచు పోయి, పెట్టె, స్థూపం, చక్రం వస్తాయి. గీత మణికట్టు నుంచి కాదు, భుజం నుంచి రావాలి. కాగితాన్ని తాకకముందే గాలిలో రెండు మూడు సార్లు ఆ దారిన చెయ్యి ఆడించాలి. చక్రం గీసేటప్పుడు ఎలిప్సు చిన్న అక్షం ఇరుసు దారిలోనే ఉండాలి. ఈ ఒక్క సూత్రం తెలియక నేను ఎన్ని బండి చక్రాలు ఊడగొట్టానో లెక్కలేదు. రాబర్ట్‌సన్ ఇంజనీరుకి దగ్గరివాడు. ప్రతిదాన్నీ కట్టి చూపిస్తాడు. ఎదురుగా లేని విమానాన్ని కూడా తప్పు లేకుండా గీయించగలడు.

నా వేళ్ళు తిరిగింది ఈ పుస్తకాల వల్లే. అది కాదనను. ఎంట్రెన్సు పరీక్ష రాసే పిల్ల ఎవరైనా అడిగితే ఇవే చెప్తాను. నా ఫిర్యాదు వేరు. వీటిలో అచ్చైన బొమ్మలు అన్నీ గెలిచినవే. ప్రతి పేజీలో ధీమాగా పడ్డ గీత, మెరిసే మార్కరు రంగు, పేపరు మీంచి లేచి వచ్చేట్టున్న బైకు. ఐసెన్, స్టూర్ పుస్తకంలో వస్తువుని విప్పి, విడదీసి, ఎలా పనిచేస్తుందో చెప్పే బొమ్మలకి ఒక అధ్యాయమే ఉంది. ఆ పేజీలు నేను గబగబా తిప్పేశాను. ఎందుకంటే అవి అందంగా లేవు, పక్క పేజీలోవి అందంగా ఉన్నాయి. తప్పు నాదే. కానీ అటువైపు నా కన్ను లాగింది ఆ పుస్తకం కట్టుబడే అని కూడా చెప్పాలి. ఆ రెండేళ్ళలో నేను నేర్చుకుంది స్కెచ్ వేయడం కాదు, స్కెచ్‌లా కనిపించేది వేయడం.

'డ్రా ఎ బాక్స్' అనే ఉచిత పాఠాలు ఈ విషయంలో కొంచెం నిజాయితీగా ఉన్నాయి. 250 పెట్టెలు గీయమంటారు. పెట్టె గీశాక ఇంకో రంగు పెన్నుతో ప్రతి అంచునీ వెనక్కి పొడిగించాలి. దూరంలో ఒకే చోటుకి పోవాల్సిన గీతలు ఎడమొహం పెడమొహంగా పోతుంటే, నీ పెట్టె ఎక్కడ అబద్ధం ఆడిందో ఎర్ర గీత చెప్పేస్తుంది. నాకు తెలిసి ఈ అభ్యాసం విలువంతా పెట్టెల్లో లేదు, ఆ ఎర్ర గీతలో ఉంది. నేను 250 పెట్టెలూ గీశాను. ఎర్ర గీతలు ముప్ఫై పెట్టెలకి పెట్టి మానేశాను. టైం వేస్టనిపించింది.

ఇక్కడే 'రోజూ గీస్తే వస్తుంది' అనే మాటను కాస్త పట్టుకుని అడగాలి. ఆండర్స్ ఎరిక్‌సన్, మరో ఇద్దరు కలిసి 1993లో బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. మాల్కం గ్లాడ్‌వెల్ 2008లో దాన్ని పట్టుకుని పదివేల గంటలనే లెక్కను ఊరూరా తిప్పాడు. గంటల లెక్క ఒక్కటే కాదు మొర్రో అని ఎరిక్‌సన్ తర్వాత చెప్తూనే ఉన్నాడు. ఆయన అభ్యాసం అన్నదాంట్లో, చేతనైన దానికి కొంచెం పైమెట్టున పని చేయడం, తప్పు వెంటనే తెలియడం, దాన్ని దిద్దుకుని మళ్ళీ చేయడం కలిసే ఉన్నాయి. తప్పు చెప్పే వాడు లేకపోతే పదివేల గంటల తర్వాత ఉండేది పదివేల గంటల అలవాటు. నాకు ఏడాదిన్నరలో వచ్చింది ఆ అలవాటే. ఎడమ నుంచి వెలుతురు, కుడి పక్క నీడ, పైన చిన్న మెరుపు. ఏ వస్తువు గీసినా అదే వెలుతురు. మా షాపులో ట్యూబులైట్లు నెత్తి మీద ఉంటాయి.

అలవాటు ముదిరితే దానికి మనం స్టైలని పేరు పెట్టుకుంటాం. తెలుగువాళ్ళకి ఈ సంగతి బాపు దగ్గర బాగా అర్థమవ్వాలి, అక్కడే అసలు అర్థం కాలేదు. 1933లో నర్సాపురంలో పుట్టి, మద్రాసులో లా చదివి, పత్రికలోనూ ప్రకటనల కంపెనీలోనూ పనిచేసిన మనిషి. 2014లో పోయేదాకా గీస్తూనే ఉన్నాడు. ఆయన గీత మన భాషలోకి మాటగా వచ్చేసింది. అందమైన అమ్మాయిని బాపు బొమ్మ అంటాం. చేతిరాత ఫాంటు అయి శుభలేఖలకెక్కింది. మా తరం కన్నా ముందు రెండు తరాలు ఆ సోగకళ్ళు, ఆ జడ, ఆ నడుము వంపు చూసి గీసి చెయ్యి తిప్పుకున్నాయి. నేనూ గీశాను. అయితే కాపీ చేసిన వాళ్ళలో ఎక్కువ మందికి కళ్ళు దొరికాయి, చూపు దొరకలేదు. బాపు వారం వారం ఎవరో రాసిన కథకి బొమ్మ వేశాడు. కథ చదివి, అందులో ఏ క్షణం బొమ్మకి లొంగుతుందో చూసుకుని, పత్రిక పేజీలో ఎంత చోటుందో చూసుకుని, మిగతాది తెల్లగా వదిలేశాడు. 'బుడుగు'లో ఆ పిల్లాడి నిలబడే తీరు చూడండి. ముళ్ళపూడి వెంకటరమణ వాక్యం పక్కన పెట్టి చూస్తే తప్ప ఆ గీత అంత తక్కువలో ఎందుకు ఆగిపోయిందో తెలీదు. ఆ గీతకి రచయిత, పత్రిక, గడువు, చదివేవాడు అని నలుగురు కాపలా ఉన్నారు. కాపీ చేసేవాడికి వాళ్ళెవరూ లేరు. బాపు బొమ్మ ఒక్కటే ఉంది.

ఇలా అనగానే నా వాదనకి నేనే అడ్డం పడతాను. ఎవరూ అడగకుండా, ఎవరి పనికీ కాకుండా గీసినవాళ్ళ మాటేమిటి? సూరారం ముందు నుంచి పోయే రోడ్డు పట్టుకుని గండిమైసమ్మ, నర్సాపూర్ దాటితే మెదక్ సీమ. ఆ జిల్లాలోని నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ హైదరాబాదులో, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని వచ్చి, తన ఊరినే గీశాడు. మేకలు, తాటిచెట్లు, మొరటు మగవాళ్ళు, సిగ్గు లేని ఆడవాళ్ళు, సన్నటి పెన్సిలు గీతలు అల్లి అల్లి కట్టిన దేహాలు. ఆ బొమ్మలు ఎవరి కథకీ తోడు కాదు, ఏ లేత్ మీదకీ ఎక్కవు. అయినా వాటిలో అలవాటు వాసన రాదు. ఎందుకు? నాకు తోచింది చెప్తాను. ఆయనకి ఎదురుగా ఊరుంది. మేక కాలు ఎక్కడ మడత పడుతుందో మేక చెప్తుంది. తప్పు గీస్తే చిన్నప్పటి నుంచి చూసిన మేక ఒప్పుకోదు. అంటే దిద్దేవాడు మనిషే కానక్కర్లేదు. వస్తువు దిద్దొచ్చు. నికొలాయిడీస్ కాగితం చూడొద్దని చెప్పింది ఇందుకేనని అప్పుడు వెలిగింది. కాగితం చూస్తే నీ బొమ్మే నీకు గురువవుతుంది. నిన్నటి నీ బొమ్మ ఇవాళ్టి నీ బొమ్మని ఎప్పుడూ మెచ్చుకుంటుంది.

కాబట్టి నా వాదన కొంచెం మార్చుకుంటున్నాను. గీతకి ఎదుటి పక్షం కావాలి. అది చూస్తున్న వస్తువు కావచ్చు, బొమ్మ చదివే మనిషి కావచ్చు. నిన్నటి నా బొమ్మ మాత్రం కాకూడదు.

డిజైన్ స్కెచ్ కష్టం ఏమిటంటే, అందులో వస్తువు ఇంకా పుట్టలేదు. లేని మేకను గీయాలి. మేక వచ్చి దిద్దదు. అందుకని చదివే మనిషి లేకుండా ఈ పని అసలు నడవదు. చేర్యాల నకాశీల బొమ్మల గురించి ఆలోచిస్తే నాకు ఇది తేటగా కనిపించింది. ఎర్రటి నేల మీద గుడ్డ పొడవునా కథ నడుస్తుంది. పద్మశాలీలకి మార్కండేయ పురాణం, మాదిగలకి జాంబపురాణం. ఆ పటం గోడకి వేలాడదీసే అలంకారంగా పుట్టలేదు. కథ చెప్పే కళాకారుడు ఊళ్ళో పటం విప్పి, ఒక్కో బొమ్మనీ చూపిస్తూ పాడతాడు. దూరంగా కూచున్న ముసలమ్మకి కూడా ఎవరు రాజో ఎవరు బంటో తెలియాలి. తెలియకపోతే కథ ఆగుతుంది. అందుకే అక్కడ కళ్ళు పెద్దవి, గీత లావు, రంగు చదును. వాటిని ఇవాళ జానపద శైలి అని మెచ్చుకుంటున్నాం. మొదట అవి కనపడాలనే అవసరం నుంచి వచ్చినవి.

మన వీధుల్లో రోజూ జరిగే ఇంకో ఫ్రీహ్యాండ్ అభ్యాసం ముగ్గు. మా కాలనీలో కళ్ళాపి నేలలు పోయి సిమెంటు రోడ్లొచ్చినా, ధనుర్మాసంలో పొద్దున్నే ఆరు గంటలకి నడిస్తే వరసగా కనిపిస్తాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారాలి. ఆగితే ముద్ద పడుతుంది, తొందరపడితే తెగుతుంది. ఏ డ్రాయింగు పుస్తకం అయినా చెప్పే మొదటి పాఠం అదే. చుక్కలు మనం ముందు వేసుకునే కన్‌స్ట్రక్షన్ గీతల్లాంటివి, పని అయ్యాక గీతల మధ్య కలిసిపోతాయి. మధ్యాహ్నానికి బండ్లు తొక్కి ముగ్గు పోతుంది. మర్నాడు మళ్ళీ. పారేస్తే బాధ ఉండకూడదని బక్స్‌టన్ చెప్పినదాన్ని ఇంత శ్రద్ధగా పాటించేవాళ్ళని నేను చూడలేదు. పైగా ముగ్గుని వీధి చూస్తుంది. "ఇగో అక్కా, ఈడ చుక్క తప్పింది" అని ఎదురింటామె గేటు దగ్గర నుంచే చెప్పేస్తుంది.

అలాగని ముగ్గు నేర్చుకుంటే డిజైన్ వస్తుందని చెప్తే అది ఇంకో రకం మోసం. ముగ్గు చేతికి నేర్పుతుంది, లోతు గురించి చెప్పదు. నేల చదునుగా ఉంటుంది, ముగ్గూ చదునుగానే ఉంటుంది. తరాల నుంచి వచ్చిన నమూనా కాబట్టి, ఏం కావాలో తెలియని స్థితి అందులో తక్కువ. నేను దాన్నుంచి తీసుకుంటున్నది ఒక్కటే. అభ్యాసం వీధిలో జరగాలి. తలుపేసుకుని చేసే అభ్యాసం మీద నాకు నమ్మకం పోయింది.

ఇక్కడ ఒకటి అడగొచ్చు. ఇన్‌స్టా కూడా వీధే కదా? జేక్ పార్కర్ 2009లో మొదలుపెట్టిన ఇంక్‌టోబర్‌ని చూడండి. అక్టోబరు 31 రోజులూ రోజుకో ఇంకు బొమ్మ. ఇవాళ అలాంటివి నెలకొకటి ఉన్నాయి. నేనూ రెండేళ్ళు చేశాను. రోజూ కూచోబెట్టే బలం వాటికుంది, ఆ బలం చిన్నది కాదు. కానీ అక్కడ చూసేవాళ్ళు బొమ్మతో చేయాల్సిన పని ఏదీ లేదు. నా బేరింగ్ హౌసింగ్ అక్కడ పెడితే గుండె గుర్తులు వచ్చాయి. లోపల ఏముందని ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన అవసరం వాళ్ళకి లేదు, వాళ్ళెవరూ దాన్ని కొయ్యరు కదా. ఎదురింటామెకి ముగ్గు తెలుసు, తనూ రేపు వెయ్యాలి. టర్నర్‌కి హౌసింగ్ తెలుసు, తను ఇప్పుడే కొయ్యాలి. మెచ్చుకునే చూపుకీ వాడుకునే చూపుకీ ఉన్న తేడా అది.

బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. దాని చుట్టూ, జీడిమెట్ల, చింతల్ దాకా, చాక్‌పీసు బొమ్మలతో పని నడిపే చిన్న షాపులు ఎన్నో. రేకు మీద, నేల మీద, సిగరెట్ పెట్టె వెనక, అరచేతి మీద బాల్‌పెన్నుతో కూడా గీస్తారు. డిజైన్ స్కెచింగ్ అనగానే మనకి కాలిఫోర్నియా స్టూడియోల కార్ల బొమ్మలు గుర్తొస్తాయి గానీ, ఈ బొమ్మల గురించి ఎవరూ రాయరు. వీటిని స్కెచ్‌లు అనడానికి కూడా మనకి మనసొప్పదు. వీటిలో గొప్ప కళ ఉందని ఇప్పుడు నేను కొత్తగా కనిపెట్టడం లేదు. చాలావరకు మొరటు బొమ్మలే. కొలత మరిచిపోయి జాబ్ పాడైన రోజులు నేను చూశాను. కానీ ఒక చదువు వీటిలో ఉంది. ఎదుటివాడికి ఏది తెలుసో దాన్ని గీయరు, ఏది తెలియదో దాన్నే గీస్తారు. హౌసింగ్ బయట గుండ్రంగా ఉంటుందని టర్నర్‌కి నేను చెప్పాలా? నేను అరగంట నీడలు దిద్దింది ఆ గుండ్రం కోసమే.

ఆ రోజు తర్వాత నా అభ్యాసం మార్చుకున్నాను. పెద్ద రహస్యాలేం లేవు, అయినా చెప్తాను.

పొద్దున పదిహేను నిమిషాలు కాగితం చూడకుండా కాంటూర్. ఎదురుగా ఏదుంటే అది. స్టీలు టిఫిను, చెప్పు, స్కూటరు హ్యాండిలు. ఇది కంటి కోసం. గీతలు, ఎలిప్సులు ఒక పేజీ, ఎర్ర పెన్నుతో తప్పులు గుర్తించడంతో సహా. ఇది చేతి కోసం. ఎర్ర పెన్ను లేని రోజు ఆ పేజీ లెక్కలోకి రాదని పెట్టుకున్నాను. మూడోది మధ్యాహ్నం షాపులో. ఏదో ఒక వస్తువుని కోసి చూపే బొమ్మ. సగం బయట, సగం లోపల. కుళాయి, సైకిలు పంపు, ప్రెషర్ కుక్కర్ విజిల్. ముందు లోపల ఎలా ఉంటుందో ఊహించి గీస్తాను. తర్వాత విప్పి చూస్తాను. ఊహించింది ఎప్పుడూ తప్పే. కుక్కర్ విజిల్ లోపల ఒక స్ప్రింగు ఉంటుందని గీశాను. విప్పి చూస్తే స్ప్రింగు లేదు, ఉన్నదంతా బరువే. ఆవిరి ఆ బరువుని ఎత్తుతుంది, అంతే. ఇరవై ఏళ్ళుగా ఆ చప్పుడు వింటూ నేను దాని లోపలికి ఒక్కసారి కూడా చూడలేదు.

నాలుగోది కష్టమైనది. గీసిన బొమ్మని మాట చెప్పకుండా అన్న ముందు పెట్టి, ఇది ఏం చేస్తుందో చెప్పమని అడగడం. నోరు మూసుకుని వినడం. మొదట్లో ప్రతిసారీ మధ్యలో దూరి, "అది కాదన్నా, అక్కడ…" అని వివరించేవాణ్ణి. నేను వివరించాల్సి వచ్చిందంటే, ఆ వివరం బొమ్మలో లేదన్నమాట. ఇప్పుడు నేను చెప్పిన ప్రతి మాటనీ గుర్తు పెట్టుకుని, మళ్ళీ గీసేటప్పుడు ఆ మాటకి ఒక గీత పెడతాను. ఇది ఏ పుస్తకంలోనూ అభ్యాసంగా నాకు కనపడలేదు. పుస్తకాలది తప్పని కూడా అనను. పుస్తకం తలుపేసుకున్న గదిలోకే రాగలదు, షాపులోకి అది మన వెంట రాలేదు.

ఈ పద్ధతిలో నష్టం కూడా ఉంది. నా ఐదో స్కెచ్‌బుక్కు చూడ్డానికి బాగోదు. పాత నాలుగింటినీ ఇంటికొచ్చినవాళ్ళకి చూపించేవాణ్ణి, దీన్ని చూపించను. గీత నిజంగా మెరుగైందా అంటే కొన్నాళ్ళు వెనక్కే పోయింది. వాడుకునే చూపు ఒక్కదానికే లొంగిపోతే గీతలో ఉండే ఆటంతా చచ్చిపోతుందేమో అనే భయం నాకు ఇంకా ఉంది. అందుకే ఆదివారాలు సూరారం చెరువు గట్టు మీద కూచుని, దేనికీ పనికిరాని బొమ్మలు వేస్తాను. వాటికి ఎదురుగా చెరువు ఉంటుంది, కనీసం.

పోయిన నెల ఇంకో హౌసింగ్ వచ్చింది. అదే 6205. ఈసారి మూడు నిమిషాల్లో సగం కోసిన బొమ్మ వేసి, మెట్టు లోతు, భుజం మందం రాసి అన్నకి ఇచ్చాను. చూశాడు. మంచిగుందని అనలేదు. "మూల కాడ రేడియస్ ఎంత ఇయ్యాలె?" అన్నాడు. చెప్పాను. నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుని, ఆ మూల దగ్గర తనే రాసుకున్నాడు. కాగితాన్ని లేత్ హెడ్‌స్టాక్ మీద అయస్కాంతం కింద పెట్టి మోటారు ఆన్ చేశాడు. సాయంత్రానికి దాని మీద కూలెంట్ మరకలు, బొటనవేలి ముద్ర ఒకటి. స్కెచ్‌బుక్కులో అతికించుకుందామని మర్నాడు అడిగితే, తుక్కు డబ్బాలో పడేశానన్నాడు.